ఎకరం ఎండ లెక్క
మిరప, పత్తి పొలాల్లో శక్తి ప్రయాణం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



సుబ్బారావుగారి స్మృతిలో జరిగే సభలో వైద్యులో, ఔషధ శాస్త్రవేత్తలో మాట్లాడటం సహజం. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చినవే. జీవావరణ శాస్త్రం పాఠాలు చెప్పుకునే నాకు ఈ వేదిక మీద ఏం పని అని మీలో కొందరికి తోచవచ్చు. నాకు మాత్రం ఆయన జీవితంలోని తొలి పరిశోధన మనల్ని నేరుగా మన పొలం గట్టుకు తీసుకొచ్చేదిగా కనిపిస్తుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కణం చెప్పే రెండు సూత్రాలు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ద్రావణం నీలిరంగు తిరుగుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. మన భూసార పరీక్ష కేంద్రాల్లో మట్టిలోని భాస్వరాన్ని తేల్చే నీలిరంగు పద్ధతులు కూడా ఆ కుదురులోవే. కొలిచే సాధనం చేతికొచ్చాక, కణాలకు శక్తినందించే భాస్వర పదార్థాలు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి., బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు.

కండరం ముడుచుకోవాలన్నా, వేరు మట్టిలోని లవణాన్ని లోపలికి లాక్కోవాలన్నా ఏ.టి.పి. నుంచి ఒక ఫాస్ఫేటు విడిపోవాలి. అప్పుడు విడుదలైన శక్తి తన పని చేసి, చివరకు వేడిగా మారి వెళ్ళిపోతుంది. దాన్ని మళ్ళీ పట్టుకోలేం. ఫాస్ఫేటు మాత్రం కణంలోనే ఉంటుంది. తిండి నుంచి కొత్త శక్తి అందగానే తిరిగి అతుక్కుని మళ్ళీ ఏ.టి.పి. అవుతుంది. మన ఒంట్లో ఒక్కో అణువు రోజుకు వందలసార్లు ఇలా విడిపోయి అతుక్కుంటుంది.

ఇందులో రెండు సూత్రాలున్నాయి. పదార్థం తిరుగుతుంది. శక్తి తిరగదు. కణంలో నిజమైన ఈ మాట చిలకలూరిపేట పత్తిచేలోనూ, పర్చూరు మిరపతోటలోనూ అంతే నిజం. నేటి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో నలభై ఏళ్ళుగా పడుతున్న ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ రెండు సూత్రాలను మరిచి సేద్యం చేయడమేనని నా వాదన. తిరిగి రావలసిన పదార్థాన్ని తగలబెడుతున్నాం. ఉచితంగా వచ్చే శక్తిని వదిలేసి, కొన్న శక్తి మీద ఆధారపడుతున్నాం. పైమెట్టు మీద ఉన్న జీవులకు శక్తి ఎంత తక్కువ అందుతుందో లెక్కచూడకుండా మందు కొడుతున్నాం.

చేను అనే వ్యవస్థ

జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రానికి 1866లో పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్. జీవులను, నేలను, నీటిని, గాలిని, ఎండను కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని 1935లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ చెప్పాడు. దాన్నే మనం ఆవరణ వ్యవస్థ అంటున్నాం. అడవి, చెరువు, సముద్రం అలాంటివే అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మిరపచేను కూడా అలాంటిదే. కాకపోతే ఏటా దున్ని కొత్తగా మొదలుపెట్టే వ్యవస్థ అది.

మిరప, పత్తి, గట్టు మీద గరిక, వయ్యారిభామ: ఇవి ఎండను తిండిగా మార్చే ఉత్పత్తిదారులు. తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంక, తామర పురుగులు, శనగపచ్చ పురుగు, లద్దెపురుగు వాటిని తిని బతికే మొదటి వినియోగదారులు. గేదె, మేక, మనిషి కూడా ఆ వరసలోనే నిలబడతారు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు, శనగపచ్చ పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ రెండో మెట్టు. వాటినీ వీటినీ పట్టుకుతినే పసులపోలిగాడు, పాలపిట్ట ఆ పైన. అందరి తర్వాత, అందరినీ తినేవి విచ్ఛిన్నకారులు: బూజులు, బాక్టీరియా, వాటికి సాయంగా చెదలు, వానపాములు. వీటి మధ్య ఉన్నది ఒక గొలుసు కాదు, చిక్కటి వల. కానీ లెక్క కట్టడానికి గొలుసు సులువు కనుక ఈ పూటకు గొలుసునే పట్టుకుందాం.

ఎకరానికి ఇరవై వేల యూనిట్లు

మన ప్రాంతంలో చదరపు మీటరు నేల మీద, ఏడాది సగటున, రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. యూనిటంటే కరెంటు బిల్లులో ఉండే యూనిటే. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరం చేను మీద రోజూ ఇరవై వేల యూనిట్ల శక్తి దిగుతోంది. నెలకు రెండు వందల యూనిట్లు కాల్చే ఇంటికి అది ఎనిమిదేళ్ళకు పైగా సరిపోతుంది.

ఇందులో ఆకు పట్టుకునేది ఎంత? మొత్తం ఎండలో కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి సగం కన్నా తక్కువే. అందులోనూ కొంత ఆకు మీది నుంచి వెనక్కి పోతుంది, కొంత రసాయన చర్యల్లోనే ఖర్చవుతుంది, తయారైన దానిలో పెద్ద భాగం మొక్క తన శ్వాసక్రియకే వాడుకుంటుంది. పత్తి, మిరప లాంటి పంటలకు సిద్ధాంతం ప్రకారం పైహద్దు నాలుగున్నర శాతం. జొన్న, మొక్కజొన్నలకు ఆరు శాతం. చేలో దాకా వచ్చేసరికి, చేను బాగా కమ్ముకున్న రోజుల్లో ఒకటి రెండు శాతం మొక్క ఒంట్లో నిలిస్తే అది మంచి పంటే. ఒక శాతమనే పెట్టుకుందాం. ఇరవై వేలలో రెండు వందల యూనిట్లు. పదార్థంగా చూస్తే ఎకరానికి రోజుకు సుమారు 40 కేజీల ఎండు బరువు. మన ఇళ్ళు, మన పశువులు, మన మిర్చి యార్డు, మన జిన్నింగు మిల్లులు అన్నీ నడిచేది ఆ ఒక్క శాతం మీద.

ఆ రెండు వందల యూనిట్లనూ మొక్క మొత్తం కాయకు పెట్టదు. కొంత తన రక్షణకు ఖర్చు చేస్తుంది. పత్తిలో గాసిపాల్ అనే విషం, మిరపలో కారం ఆ ఖర్చు వల్ల వచ్చినవే. మిరప కారం పాలిచ్చే జంతువుల నోటిని మండిస్తుంది. పక్షులకు ఆ మంట తెలియదు. అందుకే చిలకలు పండుమిరపకాయలను హాయిగా కొరుక్కుతింటాయి. మిరప పుట్టిల్లయిన దక్షిణ అమెరికాలో అడవి మిరప విత్తనాలను దూరాలకు చేరవేసేవి పక్షులు. విత్తనాన్ని నమిలి పాడుచేసే ఎలుకజాతిని దూరం పెట్టి, మింగి విసర్జించే పిట్టను రానిచ్చే ఏర్పాటు అది. కాయ లోపలికి దూరే బూజును కూడా కారం అడ్డుకుంటుంది. గుంటూరు సన్నం పేరు ప్రపంచమంతా తెలియడానికి కారణమైన గుణం, మొక్క తన శత్రువుల కోసం పెట్టిన ఖర్చు.

పైమెట్టు ఎందుకంత పలచన

ఒక మెట్టు నుంచి పైమెట్టుకు శక్తి ఎంత చేరుతుందన్న ప్రశ్నకు మొదటిసారి లెక్క కట్టి జవాబు చెప్పినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటాలో సీడర్ బాగ్ అనే చిన్న సరస్సును ఏళ్ళతరబడి చదివాడు. నాచు ఎంత, దాన్ని తినేవి ఎంత, వాటిని తినేవి ఎంత అన్నదంతా శక్తి లెక్కలోకి మార్చాడు. ఆ పత్రం 1942లో అచ్చయింది. అచ్చు కాకముందే, 27 ఏళ్ళకే ఆయన చనిపోయాడు. ఇప్పుడు బడిపిల్లలు పది శాతం సూత్రమని చదువుకునేది ఆ పని నుంచి వచ్చిన స్థూలమైన లెక్క. నిజానికి అది ఒకచోట ఐదు శాతం, మరోచోట ఇరవై కావచ్చు. ఎక్కడైనా పెద్ద భాగం దారిలోనే పోతుంది. ఎందుకంటే పైమెట్టు జీవి కిందిదాన్ని మొత్తం తినలేదు. తిన్నది మొత్తం అరగదు. అరిగినదాంట్లో ఎక్కువ భాగం కదలడానికీ ఊపిరి తీయడానికీ ఖర్చయి వేడిగా పోతుంది. ఒంట్లో కండగా నిలిచినదే పై జీవికి దొరికేది.

మన ఎకరంలో రెండు వందల యూనిట్లు మొత్తం పురుగులే తిన్నాయని, కాసేపు లెక్క కోసం, అనుకుందాం. పురుగుల ఒంట్లో నిలిచేది 20. ఆ పురుగులన్నిటినీ తిన్న సాలీళ్ళు, అక్షింతల పురుగుల ఒంట్లో నిలిచేది 2. వాటి మీద బతికే పిట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ రెండులోనూ పదో వంతు కూడా మిగలదు. పక్షిది వెచ్చటి ఒళ్ళు. తిన్నదాంట్లో దాదాపు అంతా ఒంటి వేడికే పోతుంది, పెరుగుదలకు మిగిలేది ఒకటి రెండు శాతం. అందుకే ఒక చేలో పేనుబంక లక్షల్లో ఉంటే, దాన్ని తినే అక్షింతల పురుగులు వందల్లోనో వేలల్లోనో ఉంటాయి. పసులపోలిగాళ్ళు నాలుగైదు కనపడతాయి. గద్ద ఊరంతటికీ ఒకటో రెండో. పైమెట్టు జీవులు తక్కువ ఉండటం ప్రకృతి లోపం కాదు. వాటికి అందే శక్తి అంతే.

దీని నుంచి తేలే ఫలితం ఒకటుంది. పైమెట్టు జీవి సంఖ్య తక్కువ, సంతానం తక్కువ, పెరగడానికి పట్టే కాలం ఎక్కువ. తామర పురుగు రెండు వారాల్లో గుడ్డు నుంచి తల్లి అవుతుంది. పసులపోలిగాడు ఏడాదికి ఒక విడత గుడ్లు పెడుతుంది. రెండింటికీ ఒకే దెబ్బ తగిలితే ముందు కోలుకునేది ఎవరో చెప్పనక్కర లేదు. పైగా మిత్రపురుగు తిరిగి రావాలంటే ముందు దానికి తిండి, అంటే శత్రుపురుగు, చేలో పెరగాలి. ఆ వరస మారదు.

ఇదే సంగతిని ఇటలీ గణితవేత్త వీటో వొల్టేరా 1926లో సమీకరణాల్లో పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలు పట్టడం తగ్గింది. అప్పుడు వలల్లో వేటాడే పెద్ద చేపల వాటా పెరిగింది. యుద్ధం ముగిసి మళ్ళీ వలలు వేయగానే చిన్న చేపల వాటా పెరిగింది. ఎందుకని జీవశాస్త్రవేత్త ఉంబెర్టో దాంకోనా అడిగాడు. తినేదాన్నీ తినబడేదాన్నీ ఒకే మోతాదులో చంపుతూ పోతే, సగటున తినబడేది పెరుగుతుంది, తినేది తగ్గుతుంది అని వొల్టేరా తేల్చాడు. వల బదులు స్ప్రేయరు, చిన్న చేప బదులు తెల్లదోమ అని పెట్టుకుంటే అది మన కథ.

పత్తిచేలు చెప్పిన పాఠం

మనకంటే ముందు ఈ పాఠం నేర్చుకున్నది పెరూ దేశం. అక్కడి కన్యేటె లోయ పత్తి రైతులు 1949 నుంచి డి.డి.టి., బి.హెచ్.సి., టాక్సాఫీన్ విస్తారంగా వాడారు. దిగుబడి కొన్నేళ్ళు పెరిగింది. తర్వాత పాత పురుగులు మందును తట్టుకున్నాయి, అంతకుముందు లెక్కలో లేని పురుగులు కొత్తగా తల ఎత్తాయి. 1956 నాటికి పంట కుప్పకూలింది. మందులు తగ్గించి, మిత్రపురుగులను తెచ్చి వదిలి, పత్తి వేసే కాలాన్ని లోయ మొత్తానికి ఒకటిగా కట్టుబాటు చేశాక మళ్ళీ కోలుకుంది.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ కథే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నడిచింది. 1980ల తొలి సంవత్సరాల్లో పొగాకు, జొన్న వేసిన నల్లరేగడుల్లోకి పత్తి విస్తరించింది. అప్పుడే సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ లాంటి పైరిథ్రాయిడ్ మందులు మార్కెట్లోకి దిగాయి. మొదట్లో పురుగు రాలిపోవడం కళ్ళారా చూసిన రైతు వాటిని నమ్మడంలో వింత లేదు. 1980ల నడుమ తెల్లదోమ విరుచుకుపడింది. 1987–88లో శనగపచ్చ పురుగు. చేతికందిన మందు అల్లా కొట్టారు. పదిహేను, ఇరవై, కొన్నిచోట్ల ముప్పై సార్లు కూడా. పురుగు చావలేదు. అప్పుల బాధకు పత్తి రైతులు పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్న వార్తలు దేశం చదివింది ఆ ఏడాదే. మన చేలల్లోని శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకు లొంగడం లేదని తర్వాత పరీక్షల్లో రుజువైంది.

మందుకు పురుగు అలవాటు పడిందని ఊళ్ళో అనుకునేది సగం నిజం. తట్టుకునే కొద్ది పురుగులే బతికి పిల్లలు పెట్టాయి, కాబట్టి తట్టుకునే జాతి తయారైంది. మిగతా సగం నిజం పైమెట్టు మీద జరిగింది. ఆకు తినే పురుగు కోట్ల సంవత్సరాలుగా మొక్కల విషాలను విరగ్గొట్టుకుని బతుకుతోంది. దాని ఒంట్లో అందుకు తగిన ఎంజైములున్నాయి. సాలీడుకూ కందిరీగకూ ఆ సాధన అంతగా లేదు. వాటి సంఖ్య ముందే తక్కువ. ఒక్క పిచికారీతో చేలో కాపలా పోయింది, శత్రువు మిగిలింది.

ఆ తర్వాత వచ్చిన పరిష్కారాలను కూడా పైమెట్టుకు ఏమవుతుందన్న ఈ కొలతతోనే చూడాలి. తెల్లదోమను తట్టుకునే ఎల్.కె. 861 పత్తి రకం, కాంచన, లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో తయారైంది. మందు కొట్టకుండా మొక్కనే మార్చడం కనుక పైమెట్టును ఇది ముట్టుకోలేదు. 2002లో బి.టి. పత్తికి, అంటే ఒక బాక్టీరియా విషాన్ని తనలోనే తయారుచేసుకునే పత్తికి, అనుమతి వచ్చింది. ఆ విషం ఆకులోనే ఉంటుంది, కొరికిన గొంగళిపురుగుకే తగులుతుంది; సాలీడు జోలికి పోదు. తొలి సంవత్సరాల్లో పిచికారీలు తగ్గాయి. కానీ చుట్టూ నాన్-బి.టి. వరసలు వేయమని 450 గ్రాముల పాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల పొట్లాన్ని చాలామంది వేయలేదు. గులాబీ రంగు పురుగుకు ఎటు తిరిగినా బి.టి.యే దొరికింది. తట్టుకున్నవే మిగిలాయి. 2006లో వచ్చిన రెండో తరం బి.టి. కూడా ఆ పురుగు ముందు నిలవలేదు. రసం పీల్చే పురుగులకైతే బి.టి. మొదటి నుంచీ పట్టదు. వాటి కోసం మళ్ళీ డబ్బాలు తెరిచాం.

మిరప కథ మీ కళ్ళ ముందే జరిగింది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించిన నల్ల తామర పురుగు 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం మిరపతోటల మీద పడింది. పూతలో దూరి పిందె పట్టనివ్వలేదు. రోజు మార్చి రోజు మందు కొట్టినవారూ ఉన్నారు, తోట పీకేసినవారూ ఉన్నారు. బయటి దేశం నుంచి వచ్చిన పురుగుకు ఇక్కడ తగిన శత్రువులు తక్కువ. ఉన్న కాస్త మిత్రపురుగులు అప్పటికే పిచికారీలతో పోయిన తోటల్లో దానికి అడ్డేముంది?

శక్తి పలచనవుతుంది, విషం చిక్కబడుతుంది

పైమెట్టుకు పోయేకొద్దీ శక్తి తగ్గుతుందని చెప్పాను. కొన్ని మందుల విషయంలో దీనికి సరిగ్గా తిరగబడిన పని జరుగుతుంది. డి.డి.టి., బి.హెచ్.సి. లాంటివి త్వరగా విరగవు, నీటిలో కరగవు, కొవ్వులో నిలుస్తాయి. పక్షి తన ఒంటి బరువుకు ఎన్నో రెట్లు పురుగులను తినాలి, ఎందుకంటే అందులో చాలా భాగం వేడిగా పోతుంది. శక్తి పోతుంది గానీ విషం పోదు. ప్రతి మెట్టులోనూ పోగుపడుతుంది. గద్ద జాతి పక్షుల గుడ్ల పెంకులు పలచబడి పొదగకముందే పగిలిపోవడానికి కారణం ఇదే. అమెరికా రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో పుస్తకం రాసి ప్రపంచాన్ని మేల్కొల్పింది ఇలా పోగుపడే విషాల మీదే. మన దేశంలో వ్యవసాయంలో డి.డి.టి. వాడకం 1989లో ఆగింది, బి.హెచ్.సి. 1997లో నిషేధమైంది, ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. పాలూ మాంసమూ తినేటప్పుడు మనిషి కూడా పైమెట్టు మీదే ఉన్నాడు. తల్లిపాలు ఆ పైమెట్టు మీద ఇంకో మెట్టు.

కనపడని సగం

పొలంలో తయారైన శక్తిలో ఎక్కువ భాగం పురుగుకూ పోదు, మనకూ రాదు. రాలిన ఆకుగా, వేరుగా, మోడుగా, పేడగా విచ్ఛిన్నకారులకు పోతుంది. మంచి నేలలో శక్తి నడిచే పెద్ద రహదారి అదే. ఆ సూక్ష్మజీవులు శక్తిని వాడుకుని, నత్రజనిని, భాస్వరాన్ని, పొటాష్‌ను మళ్ళీ వేరు అందుకునే రూపంలో మట్టికి వదులుతాయి. శక్తి ఖర్చయి, పదార్థం తిరిగి చేలోకి వచ్చే స్థలం ఇది.

సుబ్బారావుగారి జీవితంలో ఈ కనపడని సగానికి పెద్ద పీట ఉంది. ఆయన లెడర్లే అనే ఔషధ కంపెనీలో పరిశోధనలు నడుపుతున్నప్పుడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవి అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం వారి సాన్‌బోర్న్ ప్రయోగ పొలం మట్టిలో దొరికింది. పంట మార్పిడి వల్ల నేలకు ఏం జరుగుతుందో 1888 నుంచి పరీక్షిస్తున్న పొలం అది. సుబ్బారావుగారు పోయాక, 1953లో, మురుగునీటిని శుద్ధి చేసే వడపోత గుంటల్లో బతికే ఒక బూజుకు శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు: సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్. ఆయన స్మృతికి ఒక విచ్ఛిన్నకారిని ఎంచుకోవడంలో నాకు ఔచిత్యమే కనిపిస్తుంది.

మన మిరప కల్లంలో జరిగే పని కూడా విచ్ఛిన్నకారులతో పోటీయే. పండిన కాయలో ఉన్న శక్తి వాటికీ కావాలి. ఎండబెట్టడమంటే వాటికి నీరు అందకుండా చేయడం. ఒక రాత్రి మంచుకో మాఘమాసపు జల్లుకో కాయ తడిస్తే బూజు పడుతుంది, తాలు కాయ అవుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషం వదులుతాయి. కోల్డ్ స్టోరేజీలో పెట్టడమంటే అవే జీవులను చలితో మందగింపజేయడం, కరెంటు ఖర్చుపెట్టి. కల్లంలో వాటిని ఆపడం ఎంత అవసరమో, చేలో వాటిని పోషించడం అంత అవసరం. మనం రెండోది మరిచాం.

పోయేది ఏది, ఉండాల్సింది ఏది

పత్తిలో ఒక విశేషం ఉంది. దూది దాదాపు మొత్తం సెల్యులోజ్. అంటే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. గాలి నుంచి, నీటి నుంచి, ఎండ సాయంతో వచ్చినవి. నత్రజని, భాస్వరం ఉండేది గింజలో, ఆకులో, కట్టెలో. కాబట్టి దూదిని మాత్రమే అమ్మి, గింజ చెక్కను పశువుకు పెట్టి పేడగా తెచ్చి, ఆకునూ కట్టెనూ నేలకు ఇస్తే, మన పొలం బజారుకు పంపేది దాదాపు ఎండ, గాలి, నీరు మాత్రమే. నేల తరగకుండా తరతరాలు పండించగల పంట అది.

మనం చేసేది ఏమిటి? గింజ మిల్లుకు పోతుంది, చెక్క ఎక్కడో పాలవాడికి పోతుంది. ఆకు ఎండి గాలికి పోతుంది. పత్తి కట్టెను పొయ్యికో, చేలోనే మంటకో ఇస్తాం. మంటలో కార్బనూ నత్రజనీ పొగలో పోతాయి. కట్టెను కుప్ప వేసి ఉంచినా తప్పే. అందులో మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు నిద్రపోతుంది. పంట అయిన వెంటనే ముక్కలు చేసి నేలలో కలపడం, కంపోస్టు చేయడం రెండు సమస్యలకూ ఒక జవాబు.

తగలబెట్టిన నత్రజని స్థానంలో యూరియా కొంటాం. 45 కేజీల యూరియా బస్తా తయారు కావడానికి ఫ్యాక్టరీలో ఖర్చయ్యే శక్తి దాదాపు 30 లీటర్ల డీజిల్‌లో ఉన్నంత. సబ్సిడీ వల్ల రైతుకు ఆ ఖరీదు కనపడదు. అదే నత్రజనిని గాలి నుంచి పట్టి ఇవ్వడానికి కంది, మినుము, అలసంద, పిల్లిపెసర వేళ్ళలోని రైజోబియం బాక్టీరియా ఖర్చుపెట్టేది ఆ మొక్క పట్టిన ఎండనే. మన పెద్దలు చెరువు మట్టి, పాటిమట్టి తోలారు, రాత్రిపూట గొర్రెల మంద కట్టించారు, కొర్ర తర్వాత కంది వేశారు. వాళ్ళకు పది శాతం సూత్రం తెలియదు. పోయినది తిరిగి రావాలని తెలుసు.

పాతకాలానికి తిరిగిపోదామని నేను చెప్పడం లేదు. ఆ దిగుబడులతో ఇప్పటి కౌలు కట్టలేం, ఇప్పటి పిల్లల్ని చదివించలేం. నాగార్జునసాగర్ కుడికాలువకు 1967లో నీళ్ళు వచ్చాక ఈ ప్రాంతం మారిన తీరు అందరికీ తెలుసు. ఎరువు వద్దనీ, మందు ముట్టొద్దనీ కాదు నా మాట. ఏ పని చేసినా మూడు ప్రశ్నలు వేసుకోమంటున్నాను. ఎండ వృథా పోతోందా? పదార్థం బయటికి పోతోందా? పైమెట్టు దెబ్బతింటోందా?

మొదటి ప్రశ్నకు జవాబు ఏప్రిల్, మే నెలల్లో మన నెర్రెలిచ్చిన నల్లరేగడిని చూస్తే తెలుస్తుంది. ఎకరానికి రోజుకు ఇరవై వేల యూనిట్లు దిగుతుంటే పట్టుకునే ఆకు ఒక్కటీ లేదు. పైగా ఆ వేడి మట్టిలోని సేంద్రియ కార్బన్‌ను మండిస్తోంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు పాటిస్తున్నారు. గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాని దిగుబడి లెక్కల మీద ఎవరి వాదన వారికి ఉండవచ్చు. నేలను ఏడాదంతా పచ్చగా ఉంచాలన్న సూత్రం మీద మాత్రం శాస్త్రానికి పేచీ లేదు.

రెండో ప్రశ్నకు జవాబు పత్తి కట్టె దగ్గరే చెప్పుకున్నాం. మూడో ప్రశ్నకు జవాబు వెతకడం ఇంకా సులువు. చేను చుట్టూ నాలుగు వరసల జొన్న, లోపల అక్కడక్కడ బంతి, ఆముదం ఎర పంట, పక్షులు వాలడానికి పంగలకర్రలు, పసుపు, నీలం జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, మందు తప్పదనుకున్నప్పుడు తప్పనిసరి అయినదొక్కటే, మిత్రపురుగులను తక్కువ చంపేది, ముందుగా వేపగింజల కషాయం. ఇవేవీ కొత్తవి కావు. పొలంబడుల్లో ఏళ్ళుగా చెబుతున్నవే. వీటి వెనక ఉన్న కారణం మాత్రం చాలామందికి అందలేదు. జొన్న వరసలో పెరిగే పేనుబంక మిరపకు ఏమీ చేయదు, అక్షింతల పురుగుకు తిండి అవుతుంది. చేలో శత్రువు రాకముందే కాపలావాడికి బత్తెం ఇచ్చి ఉంచడం అది.

విద్యార్థులకు ఒక పని

ఇక్కడ కూర్చున్న పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో మిరపో పత్తో ఉంటుంది. మీ చేలో ఒక ఎకరం ఎంచుకోండి. పంటకాలమంతా వారానికోసారి, అడ్డదిడ్డంగా ఇరవై మొక్కలు చూడండి. ఎన్ని శత్రుపురుగులు, ఎన్ని మిత్రపురుగులు అన్నది రెండు గళ్ళల్లో రాయండి. మందు కొట్టిన రోజు, మందు పేరు మూడో గడిలో. శత్రుపురుగులు రెండుంటే మిత్రపురుగు ఒకటి ఉన్నంతవరకు మందు ఆపి చూడవచ్చని పొలంబడిలో చెప్పే మోటు లెక్క. మందు కొట్టిన తర్వాత ఏ గడి ముందు నిండుతోంది, ఏ గడి ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటోంది అన్నది చూడండి. వొల్టేరా సమీకరణం మీ నోటుబుక్కులోనే కనపడుతుంది.

సుబ్బారావుగారికి పేరు తెచ్చిన మొదటి పని కొత్త మందు కాదు, ఒక కొలత. భాస్వరాన్ని సరిగ్గా కొలవడం వచ్చాకే ఏ.టి.పి. కనపడింది. మన జిల్లాల్లో ఏ మందు ఎంత అమ్ముడైందో దుకాణాల దగ్గర లెక్క ఉంది. ఏ చేలో ఎన్ని సాలీళ్ళున్నాయో ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్క మీరు రాయగలరు. ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, వారానికి ఒక గంట. ఒక్కో ఊరికి ఇద్దరు రాసినా, మూడేళ్ళలో ఈ నాలుగు జిల్లాల గురించి ఏ విశ్వవిద్యాలయం దగ్గరా లేనంత సమాచారం మీ దగ్గర ఉంటుంది. మీ నాన్నగారు మందు కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు దుకాణదారు మాటతో పాటు మీ పట్టిక కూడా ఆయన ముందు ఉండాలి.

వచ్చే జనవరిలో ఈ సభకు ఆ నోటుబుక్కులు తీసుకురండి. వాటి మీదే మాట్లాడుకుందాం.